వంశదోషమనే నింద: కండరాల క్షీణత కథ

ఒక జబ్బుకు కారణం తెలియనంత కాలమూ సంఘం దానికి దోషిని వెతుకుతుంది. ఈ మాటకు రుజువు కోసం దూరం పోనక్కరలేదు. నిజామాబాదు నుంచి హైదరాబాదు పోయే దారిలో డిచ్‌పల్లి ఉన్నది. స్కాట్లండుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో అక్కడ కుష్ఠురోగులకు ఆసుపత్రి ప్రారంభించింది. ఆ ఆసుపత్రి మొదలయ్యేనాటికే కుష్ఠు సూక్ష్మజీవి వల్ల వస్తుందని నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టి (1873) నలభై యేళ్లు దాటింది. అయినా ఊళ్లలో అది వంశరోగమే. రోగి ఇంటి పిల్లకు పెళ్లి కాదు. రోగి తమ్ముడికి పిల్లనివ్వరు. పామరులను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. కుష్ఠు వంశపారంపర్యమని 1847లో గ్రంథం రాసినవాళ్లు డేనియల్‌సన్, బెక్ అనే పేరుపొందిన వైద్యులే.

ఇప్పుడు దీనికి పూర్తిగా తలకిందులుగా ఉన్న మరొక జబ్బును చూడండి. మూడేళ్లదాకా అందరిలాగే తిరిగిన మగపిల్లవాడు తరచుగా పడిపోవటం మొదలుపెడతాడు. మునివేళ్ల మీద నడుస్తాడు. మెట్లెక్కలేడు. పిక్కలు మాత్రం పహిల్వాను పిక్కల్లా బలిసి కనిపిస్తాయి. పన్నెండేళ్లు వచ్చేసరికి కుర్చీకి అంటుకుపోతాడు. తరువాత ఊపిరితిత్తులను ఆడించే కండరాలూ, గుండె కండరమూ క్షీణిస్తాయి. ఇది డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. పుట్టిన మగపిల్లల్లో 3500 నుంచి 5000 మందికి ఒకరికి వస్తుందని అంచనా. ఇది నిజంగానే జన్యువులో ఉన్న జబ్బు. కాని మా ప్రాంతంలో దీన్ని బాణామతి అన్నవాళ్లున్నారు, శాపమన్నవాళ్లున్నారు. బడాపహాడ్ దర్గాకూ బాసర గుడికీ పిల్లవాణ్ణి మోసుకుపోయినవాళ్లున్నారు. వంశంలో రాని జబ్బును వంశానికి అంటగట్టాం. జన్యువులో ఉన్న జబ్బును దయ్యానికి అంటగట్టాం. రెంటిలోనూ శిక్ష అనుభవించింది రోగి, అతని ఇంటి ఆడవాళ్లు.

పోనీ, చదువుకున్నవాళ్లు జన్యువు సంగతి తెలుసుకున్నాక నింద పోయిందా? పోలేదు. అంతకుముందు "ఎవరో చేశారు" అన్నవాళ్లు ఇప్పుడు "తల్లి నుంచి వచ్చిందట" అంటున్నారు. బోధన్ చెరుకు పల్లెల్లో పాఠం చెప్పినవాణ్ణి గనక ఈ మాట నేను ఒకటికి పదిసార్లు విన్నాను. విజ్ఞానం అర మాటగా ఊళ్లోకి వస్తే పాత అత్తగారి నోటికి కొత్త ఆయుధం దొరుకుతుంది. అందుచేత ఈ జబ్బు చరిత్రను పూర్తిగా చెప్పుకోవటం అవసరమని నాకు తోచింది.

1851 చివర లండనులో ఎడ్వర్డ్ మెరియన్ అనే వైద్యుడు తోటి వైద్యులకు ఒక వ్యాసం చదివి వినిపించాడు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు వరసగా ఈ జబ్బు రావటం, అక్కచెల్లెళ్లకు రాకపోవటం అతను గమనించాడు. నరాలు బాగానే ఉన్నాయనీ, కండరపు పోగు మీది పొర చిట్లిపోతున్నదనీ కూడా చెప్పాడు. నూట ముప్ఫయి అయిదేళ్ల తరువాత అణుజీవశాస్త్రం తేల్చింది సరిగ్గా ఇదే. 1861లోనూ 1868లోనూ ఫ్రాన్సులో డుషేన్ ఈ జబ్బును విపులంగా వర్ణించాడు. బతికి ఉన్న రోగి కండరం నుంచి ముక్క తీసేందుకు ఒక సూదినే తయారుచేశాడు. పేరు అతనికి దక్కింది. 1879లో గవర్స్, నేల మీద కూర్చున్న పిల్లవాడు తన తొడల మీద తానే చేతులు ఆనించుకుంటూ, ఒంటి మీదే నిచ్చెన ఎక్కినట్టుగా లేచే తీరును వివరించాడు. ఈనాటికీ వైద్యులు మొదట చూసేది ఆ లక్షణమే.

జబ్బు కొడుకులకే ఎందుకు వస్తుంది? ఆడవాళ్లకు ఎక్స్ క్రోమోజోములు రెండు, మగవాళ్లకు ఒకటి. ఈ జన్యువు ఆ ఎక్స్ మీద ఉన్నది. ఆడపిల్లకు ఒక ఎక్స్ చెడినా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఆదుకునే రెండోది లేదు. చెడు జన్యువును మోస్తున్న తల్లి కొడుకుల్లో సగంమందికి జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. కూతుళ్లలో సగంమంది ఆ జన్యువును మోసే అవకాశం ఉంటుంది. ఇక్కడిదాకా విన్నవారు "చూశారా, తల్లే కదా!" అంటారు. వాళ్లకు సమాధానం చెప్పినవాడు జె. బి. ఎస్. హాల్డేన్.

హాల్డేన్ పేరు అభ్యుదయ పాఠకులకు కొత్త కాదు. బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక డెయిలీ వర్కర్‌లో కార్మికులకు విజ్ఞానం బోధించినవాడు. 1935లో అతను రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బును తీసుకుని ఒక లెక్క వేశాడు. డుషేన్ జబ్బులాగే అదీ ఎక్స్ మీదిదే. జనాభాలోని మొత్తం ఎక్స్ క్రోమోజోముల్లో మూడో వంతు మగవాళ్లలో ఉంటాయి. జబ్బుపడిన మగవాళ్లకు సంతానం కలగకపోతే తరానికొకసారి చెడు జన్యువుల్లో మూడో వంతు వాళ్లతోనే అంతరించాలి. ఆ లెక్కన కొద్ది తరాల్లో జబ్బే మాయం కావాలి. మాయం కావటం లేదు. అంటే పోయినన్ని మళ్లీ కొత్తగా పుడుతున్నాయన్న మాట. స్త్రీ బీజకణాల్లోనూ పురుష బీజకణాల్లోనూ మార్పులు సమానంగా పుడతాయనుకుంటే, ప్రాణాంతకమైన ఇలాంటి జబ్బు ఉన్న పిల్లల్లో ఇంచుమించు మూడో వంతు మంది తల్లులు ఆ జన్యువును మోస్తున్నవారే కారు. తక్కిన తల్లుల్లో కూడా కొందరికి ఆ మార్పు తమ తండ్రి బీజకణంలో కొత్తగా పుట్టి వచ్చి ఉండవచ్చు. ఎవరిని నిందిస్తారు? పుట్టినప్పుడే చేతిలో పెట్టిన అక్షరదోషానికి కోడలు నేరస్థురాలా?

ఈ లెక్కలో ఇంకొక నిజం కూడా ఉన్నది. "చెడు వంశాలను" అడ్డుకుంటే జాతి శుద్ధి అవుతుందన్న సిద్ధాంతం ఆనాడు యూరపునిండా ప్రబలుతున్నది. 1933 జూలైలో జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం బలవంతపు వంధ్యీకరణ చట్టం చేసింది. 1945లోగా దాదాపు 4 లక్షల మందిని దానికి బలిచేసింది. జబ్బు ప్రతి తరంలోనూ కొత్తగా పుడుతుంటే రోగులను శిక్షించి దాన్ని నిర్మూలించటమేమిటి? క్రౌర్యం సంగతి అటుంచినా, లెక్క ప్రకారమే ఆ చట్టం అబద్ధం. హాల్డేన్ 1938లో "హెరిడిటీ అండ్ పాలిటిక్స్" అనే పుస్తకంలో యీ వాదాన్ని ఎదుర్కొన్నాడు. 1955లో డుషేన్ జబ్బుకే ఒక మెత్తని రూపాన్ని వర్ణించిన పీటర్ బెకర్ యౌవనంలో నాజీ పార్టీ సభ్యుడు కావటం, వార్ధక్యంలో జాతిశుద్ధి సిద్ధాంతం చరిత్రను తానే గ్రంథాలుగా రాయటం చరిత్రలోని విచిత్రాలు. ఆ రూపాన్ని ఇప్పటికీ బెకర్ జబ్బు అనే అంటారు.

జాతివాదులు జన్యుశాస్త్రాన్ని వాడుకున్నారు గనక ఆ శాస్త్రమే బూర్జువా శాస్త్రమని ఎదురు తీర్పు చెప్పినవాళ్లూ ఉన్నారు. ఈ సంగతి మన శిబిరంలో మరుగుపరచకూడదు. 1948 ఆగస్టులో మాస్కోలో లైసెంకో మాట రాజ్యం మాట అయింది. పంటమొక్కల పుట్టిళ్లను వెతుకుతూ ప్రపంచమంతా తిరిగిన వావిలోవ్ అంతకుముందే, 1943లో, సరాటోవ్ జైలులో చనిపోయాడు. హాల్డేన్ కూడా కొంతకాలం లైసెంకోను బాహాటంగా ఖండించలేక తటపటాయించాడు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు. ఒకరు జన్యువే సర్వస్వమన్నారు, మరొకరు జన్యువే లేదన్నారు. ఇద్దరి చేతుల్లోనూ నలిగింది నిజం, నిజంతోపాటు మనుషులు.

1957లో హాల్డేన్ ఇంగ్లండు వదిలి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. అక్కడ అతని దగ్గర చేరినవారిలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ద్రోణంరాజు, వైద్యుడు పి. మీరాఖాన్ కలిసి 1960 నుంచి ఆంధ్రదేశంలోని దగ్గరి సంబంధపు పెళ్లిళ్లను లెక్కపెట్టారు. వాటితోపాటు కులాన్నీ, నిరక్షరాస్యతనూ, పెళ్లికూతురి వయస్సునూ కూడా పరిశీలించారు. మేనరికం మన నవలల్లోనూ నాటకాల్లోనూ వందసార్లు వచ్చింది. అంకెల్లోకి రావటం మాత్రం అప్పుడే మొదలయింది. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. అతని కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. తల్లి మీది నిందను లెక్కతో తుడిచిన మనిషి చివరకు తెలుగు విద్యార్థులకు పాఠమయ్యాడు.

ఇక మేనరికం సంగతి. డుషేన్ జబ్బుకు మేనరికం కారణం కాదు. తల్లి జన్యువును మోస్తూంటే ఆమె మేనమామను చేసుకున్నా పరాయివాణ్ణి చేసుకున్నా కొడుకుకు ప్రమాదం ఒకటే. మేనరికం ప్రభావం ఉండేది భుజాల, నడుముల కండరాలను పట్టే మరికొన్ని డిస్ట్రఫీల్లో. వాటిలో చెడు జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రావాలి. అమ్మానాన్నలు ఒకే తాత బిడ్డలయితే ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. మేనబావను చేసుకుంటే, పిల్లలకు ఒక జన్యువు జంటలో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1; మేనమామను చేసుకుంటే 8లో 1. ఈ తేడా తెలియకుండా ఏ జబ్బు కనిపించినా "మేనరికం చేశారు, అనుభవిస్తున్నారు" అనటం కూడా మూఢత్వమే. పొలం చెదరకూడదని మేనరికం చేసే భూస్వామి ఉన్నాడు. తెలిసిన ఇల్లయితే కూతుర్ని కొట్టరని ఆశపడి మేనరికం చేసే కూలితల్లీ ఉన్నది. రెండోవారికి ఉపన్యాసం కంటే భద్రత అవసరం.

పైగా దగ్గరి పెళ్లి అంటే మేనరికమొక్కటే కాదు. వెయ్యేళ్లుగా ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకుంటే ఊరంతా దూరపు బంధువులే అవుతారు. హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ మొదలైనవారు 2017లో ప్రకటించిన పరిశోధన దక్షిణాసియాలో ఎన్నో కులాలు ఇట్లా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించాయని చూపింది. వారిచ్చిన ఉదాహరణల్లో తెలుగు వైశ్యులు ఉన్నారు. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించేందుకు ఇచ్చే ఒక మందును విరగ్గొట్టే ఎంజైము వారిలో కొందరికి పుట్టుకతోనే లోపిస్తుంది. మత్తు వైద్యుడికి ఆ సంగతి తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఒక కులానికి తగిలించవలసిన చీటీ కాదు. కులం గోడ కట్టిన ప్రతిచోటా ఏదో ఒక జన్యువు ఇట్లా పోగుపడుతుంది. రక్తశుద్ధి అని గర్వపడేవారు శుద్ధిగా దాచుకుంటున్నది దీన్నే.

బోధన్ రైతుకు ఈ సంగతి చెప్పటం తేలిక. మంజీర మీద 1923-31 మధ్య నిజాంసాగరు కట్టారు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నేల చెరుకు నేల అయింది. చెరుకును ముచ్చెలతో నాటుతారు. తల్లి గడ ఏదో ముచ్చె అదే. తోటంతా ఒకటే ప్రతి. అందుకే ఒక తెగులుకు లొంగే రకమయితే తోటంతా ఒకేసారి లొంగుతుంది. మరి ఈ తోటలకు బలం ఎక్కడిది? 1912లో కోయంబత్తూరులో చెరుకు పరిశోధన కేంద్రం పెట్టి, బార్బర్, వెంకట్రామన్ తీపి చెరుకును అడవి రెల్లుతో సంకరం చేశారు. 1918లో వచ్చిన కో 205 ఆ సంకరానికి బిడ్డ. తరువాతి గొప్ప రకాల్లో రెల్లు రక్తం లేనిది అరుదు. మనిషిని చెరుకులా సాగుచెయ్యరు గనక ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. మనిషి ముచ్చె కాదు. ప్రతి బిడ్డా కొత్తగా కలిపి పంచిన ముక్క. కాని శుద్ధి అంటే బలం అనే నమ్మకానికి మన పొలమే జవాబు చెబుతున్నదని మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు జన్యువు దొరికిన కథ. దీనిలోనూ మన భీమవరంవాడికి వాటా ఉన్నది. 1927లో ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్ కలిసి కండరంలోని శక్తి నిల్వ అయిన ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. ఆ నిల్వను వాడే ఎంజైము పేరు క్రియాటిన్ కైనేజు. డుషేన్ జబ్బులో చిట్లిన కండరపు పోగుల నుంచి ఆ ఎంజైము కారి రక్తంలో విపరీతంగా పెరుగుతుందని 1959లో జపానులో ఎబాషి బృందం చూపింది. ఈనాటికీ అనుమానం వచ్చినప్పుడు మొదట చేసే రక్తపరీక్ష అదే. 1980 ప్రాంతంలో ఎక్స్ క్రోమోజోము విరిగి మరో క్రోమోజోముకు అతుక్కున్న కొందరు ఆడపిల్లలకు ఈ జబ్బు కనిపించింది; విరిగిన చోటే జన్యువు చిరునామా అయింది. 1986లో కుంకెల్ బృందం జన్యువు ముక్కను పట్టుకుంది. 1987లో హాఫ్‌మన్, బ్రౌన్, కుంకెల్ అది తయారుచేసే ప్రోటీనుకు డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. 20 లక్షలకు పైగా అక్షరాల పొడవుతో మనిషి జన్యువుల్లో అతి పెద్దవాటిలో ఇది ఒకటి. 79 ముక్కలుగా ఉన్నది. ఇంత పొడవైన రాత కావటం వల్లనే దీనిలో తప్పులు దొర్లటం ఎక్కువ. డిస్ట్రోఫిన్ కండరపు పోగు లోపలి దారాలను పైపొరకు కట్టి ఉంచుతుంది. అది లేకపోతే ప్రతి కదలికకూ పొర చిట్లుతుంది. పోగులు చచ్చి వాటి చోట కొవ్వూ నారా చేరతాయి. పిక్కలు బలిసినట్టు కనపడేది అందుకే.

ఒకే జన్యువు చెడితే ఒకరికి ఘోరమైన డుషేన్, మరొకరికి మెత్తని బెకర్ ఎందుకు? కణం జన్యువును మూడేసి అక్షరాలుగా చదువుతుంది. "కమల పడవ నడిపె" అన్న వాక్యం తీసుకోండి. మొదటి మాటలోని "ల" ఒక్కటి తీసేసి మూడేసి చదివితే "కమప డవన డిపె" అవుతుంది. వాక్యం అంతా నాశనం. "పడవ" అనే మూడక్షరాలూ తీసేస్తే "కమల నడిపె" అని మిగులుతుంది. పడవ పోయినా అర్థం బతికింది. మొదటిది డుషేన్, రెండోది బెకర్. 1988లో ఈ సూత్రం తేలింది. డుషేన్ వాక్యం నుంచి ఇంకొక ముక్కను కావాలని దాటించి దాన్ని బెకర్‌గా మార్చవచ్చునన్న ఆలోచన ఈ సూత్రం నుంచే వచ్చింది. అటువంటి మందును అమెరికా 2016లో అనుమతించింది.

హైదరాబాదు కూడా ఈ కథకు బయట లేదు. పుష్ప భార్గవ స్థాపకుడుగా 1977లో మొదలయిన సి.సి.ఎం.బి.లో వీణా పర్నాయక్ కణకేంద్రకపు లోగోడను కట్టే లామిన్ల మీద దీర్ఘకాలం పనిచేశారు. లామిన్ జన్యువులోని మార్పులు ఎమెరీ-డ్రైఫస్ అనే మరో డిస్ట్రఫీకి కారణమని 1999లో ఫ్రాన్సులో తేలింది. అట్లాంటి మార్పులున్న లామిన్లు కణంలో డి.ఎన్.ఎ. మరమ్మతు ఏర్పాటును దెబ్బతీస్తాయని పర్నాయక్ బృందం 2006లో చూపింది. 1996లో వెలసిన సి.డి.ఎఫ్.డి. జన్యు వ్యాధుల నిర్ధారణ చేస్తున్నది. ఇంట్లో మార్పు ఏదో తెలిస్తే తరువాతి గర్భాన్ని పరీక్షించవచ్చు. 1994 నాటి గర్భస్థ పరీక్షల చట్టం కూడా లింగ సంబంధ వ్యాధులకు దీన్ని అనుమతిస్తుంది. ఆ పరీక్ష చేయించుకోవటం, ఆ తరువాతి నిర్ణయం తల్లిదండ్రులవి, ముఖ్యంగా తల్లివి. అత్తింటివారూ సర్కారూ ఆజ్ఞాపిస్తే అది మళ్లీ 1933 చట్టానికి తమ్ముడే అవుతుంది.

అసలు చిక్కు ఇక్కడినుంచి మొదలవుతుంది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన జన్యు చికిత్స ధర ఒక్క మోతాదుకు 32 లక్షల డాలర్లు. మన లెక్కన 25 కోట్ల రూపాయల పైమాట. దాని ఫలితం మీదనే నిపుణుల్లో వివాదం ఉన్నది. 2025లో అది తీసుకున్న పిల్లల్లో కాలేయం చెడి మరణాలు కూడా సంభవించాయి. మన దేశంలో 2021లో అరుదైన వ్యాధుల విధానం వచ్చింది. 2022లో సాయం పరిమితిని 50 లక్షలు చేశారు. 25 కోట్ల ముందు 50 లక్షలు ఏ మూలకు? ప్రజాధనంతో, రోగుల కుటుంబాలిచ్చిన రక్తంతో కండరాలతో దొరికిన జన్యువు చివరకు కంపెనీ పెట్టెలో తాళం పడింది. ఇంకోవైపు 1989 నుంచి మేలు చేస్తుందని రుజువయిన ప్రెడ్నిసోన్ వంటి మందు చవకది. క్రమంగా వాడితే నడక రెండు మూడేళ్లు పొడిగిస్తుంది. దానికి తోడు కీళ్లు బిగుసుకోకుండా వ్యాయామం, గుండె పరీక్షలు, ఊపిరికి యంత్రసాయం కావాలి. వీటిలో ఏదీ అద్భుతం కాదు. కాని ఇవన్నీ వారం వారం, ఇంటికి దగ్గరగా దొరకాలి. బోధన్ నుంచి హైదరాబాదు దాదాపు 200 కిలోమీటర్లు. పిల్లవాణ్ణి ఎత్తుకుని బస్సెక్కే తల్లికి ఆనాటి కూలి పోతుంది. 2002లో సగానికి మించిన వాటా ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడిన ఫ్యాక్టరీ కార్మికుడి ఇంట్లో ఈ జబ్బు పుడితే అతను కోర్టులో అడిగేది జీతపు బకాయి. చికిత్స అడిగే చోటే అతనికి లేదు. నిజామాబాదులో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. ప్రతి జిల్లా కళాశాలలోనూ ఈ పిల్లలకు వారానికొక రోజు కేటాయించమని అడగటం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఉపాధ్యాయులు చెయ్యగలిగింది కూడా ఉన్నది. డ్రిల్లులో వెనకబడేవాణ్ణి, ప్రార్థనలో కూర్చుని లేవలేక తొడలు పట్టుకునేవాణ్ణి సోమరి అని దండించే ముందు గవర్స్‌ను తలుచుకోండి. క్రియాటిన్ కైనేజు పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పండి. అతని తరగతిని మేడ మీద నుంచి కిందికి దించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రఫీ ఉన్నది, ధ్రువపత్రం ఇప్పించండి. అన్నిటికీ మించి ఆ ఇంటికి పోయి, అత్తగారూ మామగారూ వింటుండగా, హాల్డేన్ లెక్కను తెలుగులో చెప్పండి. తల్లి పరీక్షలో ఏమీ లేదని తేలవచ్చు. ఉన్నదని తేలినా అది ఆమె చేసినది కాదు. ఆ ఒక్క వాక్యం ఆ ఇంట్లో మందుకన్నా ముందు పని చేస్తుంది.